పేరు పెట్టే హక్కు ఎవరిది?

కొడుకు పుట్టిన సంతోషం కన్నా పేరు పంచాయితీయే మా ఇంట్లో ఎక్కువైంది. మా అత్తగారిది నల్లగొండ వైపు. జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకున్నారట, సైదులు అనే పెట్టాలంటారు. నా పుట్టిల్లు పాలమూరు. కురుమూర్తి స్వామి పేరు లేకపోతే మా నాయినకు మనసొప్పదు. మధ్యలో అయ్యగారు రోహిణి నక్షత్రం, ‘వ’తో మొదలవ్వాలి అన్నారు.

రెండు మొక్కులూ నాకు గౌరవమే. హిందువులు, ముస్లింలు కలిసి మొక్కే దర్గా పేరు మావాడికి రావడం ఇష్టమే కూడా. కానీ "ఇంటిపేరు ఎట్లాగూ మీదే కదా అత్తమ్మా, పేరైనా మా వైపుది ఉండనివ్వండి" అంటే మొహం మాడ్చుకున్నారు. ఎందుకు? కని పెంచేదాన్ని, నా మాటకు విలువ లేదా? మా ఆయనేమో "మీరూ మీరూ తేల్చుకోండి" అని తప్పుకుంటాడు. ఒళ్లు మండేది అక్కడే.

21వ రోజు తొట్టెల ఫంక్షన్ కూడా పేరు లేకుండానే కానిచ్చేశారు. జనన ధ్రువపత్రంలో పేరు గడి ఖాళీ. నమోదైన 12 నెలల్లోపు ఫీజు లేకుండా పేరు చేర్పించుకోవచ్చు, తొందరేముంది అంటారు. నాకుంది తొందర. టీకాల కార్డు మీద ఇంకా నా పేరు ముందు ‘బేబీ ఆఫ్’ అనే ఉంది.

ఆదివారం రెండు వైపుల పెద్దవాళ్లనూ కూర్చోబెడుతున్నా. ఈసారి మా ఆయన కూడా నోరు విప్పాల్సిందే.