తొంభైల పాప్ పాటలు బాగున్నాయి, వాటి గురించి చెప్పే కథే బాగాలేదు

వాట్సాప్ గ్రూపుల్లో, ఫేస్‌బుక్‌లో ఒక పోస్టు ఏడాదికోసారైనా తిరిగి ప్రాణం పోసుకుంటుంది. మాటలు మారుతుంటాయి కానీ సారం ఒకటే. 1997 నుంచి 1999 వరకు చార్టుల్లో, అంటే వారంవారం పాటలకు ర్యాంకులిచ్చే జాబితాల్లో, మోగిన ఇంగ్లిష్ పాప్ పాటలే అసలైన సంగీతమట. అప్పుడు గొంతుకు మెషీన్ మరమ్మతులు లేవు. ఎవరి మనసులో మాట వాళ్లే రాసుకుని పాడారు. పాత ట్యూన్లు తిరగేసి అమ్ముకునే బుద్ధి ఎవరికీ లేదు. జనం జేబులోంచి డబ్బు తీసి కొన్నారు కాబట్టి చార్టు అబద్ధం చెప్పలేదు. నంబర్ వన్ అయిన పాట నెలల తరబడి కదిలేది కాదు. ఇప్పుడేమో అంతా కంప్యూటర్, అంతా కంపెనీల ఆట. కింద సాక్ష్యంగా ఒక జాబితా: 'బిలీవ్', 'డోంట్ స్పీక్', 'టోర్న్', 'ఐ వాంట్ ఇట్ దట్ వే', 'మై హార్ట్ విల్ గో ఆన్', ఇంకొన్ని.

ఆ పాటలతో నాకు పేచీ లేదు. కేబుల్ టీవీలో ఎంటీవీ, చానల్ వీ చూసి పెరిగిన తరం నాది. సగం మాటలు అర్థం కాకుండానే పాటంతా పాడేసిన బాపతు. కానీ ఆ పోస్టులో ఒక్కో వాక్యం పట్టుకుని చూస్తే నిలబడేది దాదాపు ఏదీ లేదు. చాలాచోట్ల వాళ్లిచ్చిన జాబితానే వాళ్లకు ఎదురు తిరుగుతుంది.

గొంతు సంగతి ముందు చూద్దాం. మెషీన్ మరమ్మతులు లేవని చెబుతూ జాబితాలో మొదటి పాటగా షేర్ పాడిన 'బిలీవ్' పెట్టడానికి చాలా ధైర్యం కావాలి. గొంతు శ్రుతిని సరిచేసే ఆటోట్యూన్ సాఫ్ట్‌వేర్‌ను అంటారెస్ కంపెనీ 1997లో తెచ్చింది. తయారుచేసిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు చమురు రంగంలో ఉండేవాడు. భూమిలోకి పంపిన తరంగాలు తిరిగొచ్చే తీరును లెక్కగట్టి కింద చమురు ఉందో లేదో చెప్పే పని ఆయనది. అదే రకం గణితంతో గొంతు ఎక్కడ శ్రుతి తప్పిందో పట్టుకున్నాడు. ఆ సాఫ్ట్‌వేర్‌లో శ్రుతి సరిచేసే వేగాన్ని బాగా పెంచితే గొంతు ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారదు, ఠక్కున గెంతుతుంది. 'బిలీవ్'లో మనం విన్న వింత ధ్వని అదే. 1998 అక్టోబరులో విడుదలైన ఆ పాట బ్రిటన్‌లో ఏడు వారాలు, 1999 మార్చిలో అమెరికాలో నాలుగు వారాలు మొదటి స్థానంలో ఉంది. 1999 సంవత్సరం మొత్తానికి అమెరికా సంగీత పత్రిక బిల్‌బోర్డ్ లెక్కలో మొదటి పాట కూడా అదే. నిర్మాతలు ఆ చిట్కా బయటపెట్టడం ఇష్టం లేక మొదట్లో ఒక సౌండ్ పత్రికకు వేరే పరికరం పేరు చెప్పారు. ఇప్పటి పాటల్లో వినిపించే ఆటోట్యూన్‌ను తిట్టేవాళ్లు వెనక్కి నడుచుకుంటూ వెళ్తే చివరికి చేరేది ఆ పాట దగ్గరికే.

అదొక్కటే కాదు. 1999లో మోగిన ఐఫిల్ 65 బృందం పాట 'బ్లూ' నిండా మెషీన్ గొంతే. అదే ఏడాది రికీ మార్టిన్‌ను ప్రపంచమంతా మోగించిన 'లివిన్ లా వీడా లోకా' టేపు ముట్టకుండా పూర్తిగా ప్రో టూల్స్ అనే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌లో తయారైంది. అలా తయారై అమెరికాలో నంబర్ వన్ అయిన మొదటి పాట అదేనని చెబుతారు. కంప్యూటర్ వచ్చి సంగీతాన్ని పాడుచేసిందన్నది మీ వాదనైతే, ఆ కంప్యూటర్ గడప దాటింది సరిగ్గా మీరు పూజిస్తున్న మూడేళ్లలోనే.

ఇక మనసులో మాట ఎవరికి వాళ్లే రాసుకున్నారన్న ముక్క. స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో షెరాన్ అనే స్టూడియో ఉండేది. డెనిజ్ పాప్ అనే నిర్మాత నడిపాడు. 1998లో 35 ఏళ్లకే పోయాడు. ఆయన శిష్యుడే మ్యాక్స్ మార్టిన్. అసలు పేరు కార్ల్ మార్టిన్ సాండ్‌బెర్గ్. బ్రిట్నీ స్పియర్స్‌ను రాత్రికి రాత్రి తారను చేసిన 'బేబీ వన్ మోర్ టైమ్' రాసింది ఆయనే. ముందు ఆ పాటను టీఎల్‌సీ అనే అమ్మాయిల బృందానికి ఇవ్వజూపితే వాళ్లు వద్దన్నారు. అంటే పదహారేళ్ల అమ్మాయి గుండె ఘోష అని మనం అనుకున్న పాట, అప్పటికే వేరేవాళ్లు చూసి వెనక్కి పంపిన సరుకు. జాబితాలో ఉన్న 'ఐ వాంట్ ఇట్ దట్ వే' కూడా మార్టిన్, ఆండ్రియాస్ కార్ల్‌సన్ కలిసి రాసిందే. పాడిన బ్యాక్‌స్ట్రీట్ బాయ్స్‌కు రచనలో వాటా లేదు. అన్నట్టు ఆ పాట మాటలకు అర్థం కుదరదని పాడినవాళ్లే సరదాగా ఒప్పుకుంటారు. మనకు అర్థం కాలేదని బాధపడ్డ రోజులు అనవసరం. 'బిలీవ్'కు రచయితలుగా ఆరుగురి పేర్లున్నాయి. ఇప్పటి పాటకు ఇంతమంది రచయితలా అని వెక్కిరించే పోస్టుల్లో ఆ ఆరుగురిని ఎవరూ లెక్కపెట్టరు.

మార్టిన్ ఆగిపోయాడా అంటే లేదు. 2014లో టేలర్ స్విఫ్ట్ 'షేక్ ఇట్ ఆఫ్', 2019లో ది వీకెండ్ 'బ్లైండింగ్ లైట్స్' రచయితల్లో ఆయన ఉన్నాడు. అప్పటి పాట ఆత్మ, ఇప్పటి పాట ఫ్యాక్టరీ సరుకు అని తీర్పు చెప్పేవాళ్లు రెండింటి మీదా ఒకే మనిషి పేరు కనిపిస్తే ఏం చేస్తారో నాకు చూడాలనుంది.

పాత ట్యూన్లు వాడలేదన్న మాట మీద ఎక్కువసేపు ఆగక్కర్లేదు. ఆ దశాబ్దంలో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడైన సింగిల్ (విడిగా అమ్మే ఒక్క పాట) ఎల్టన్ జాన్ 'క్యాండిల్ ఇన్ ద విండ్ 1997'. ఒక్క బ్రిటన్‌లోనే 49 లక్షల దాకా అమ్ముడైంది. అది 1973 నాటి పాటే. డయానా మరణం తర్వాత మాటలు మార్చి మళ్లీ పాడారు. పఫ్ డాడీ 1997లో అమెరికాలో 11 వారాలు పైన కూర్చున్న పాట కింద మోగేది 1983లో పోలీస్ బృందం చేసిన గిటార్. విల్ స్మిత్ అయితే సరేసరి. 1997 నుంచి 1999 వరకు ఆయన పెద్ద హిట్లు మూడు తీసుకుంటే మూడింటి వెనకా పాత పాటలే ఉన్నాయి, ఒకటి స్టీవీ వండర్‌ది. 'మాంబో నంబర్ 5' పెరెజ్ ప్రాడో 1949లో కట్టిన బాణీ. నటాలీ ఇంబ్రూలియా సొంతమని మనమంతా నమ్మిన 'టోర్న్' ఆమెకన్నా ముందే 1993లో డేనిష్ భాషలో, 1995లో అమెరికన్ బృందం ఎడ్నాస్వాప్ గొంతులో వచ్చేసింది. ఇందులో తప్పేమీ లేదు. ఆమె పాడిన తీరే నాకూ ఇష్టం. తప్పల్లా రీమేక్‌లు ఇప్పుడే పుట్టాయనడం.

ఇప్పుడు అసలు విషయం, చార్టు. డబ్బిచ్చి కొన్నారు కాబట్టి చార్టు నిజమే చెప్పిందన్నది చాలామంది లోతుగా నమ్మే మాట. లెక్క తీసి చూస్తే జరిగింది దాదాపు తలకిందులు.

బిల్‌బోర్డ్ ప్రధాన చార్టు హాట్ 100 అప్పుడు కూడా అమ్మకాలనూ రేడియో ప్రసారాలనూ కలిపి వేసే లెక్కే. అందులో ఒక నిబంధన ఉండేది. పాటను విడిగా సింగిల్‌గా దుకాణంలో అమ్మకానికి పెట్టకపోతే, దేశమంతా రేడియోలో అదే మోగినా ఆ చార్టులో చోటు లేదు. కంపెనీలు దీన్ని చూసి భయపడలేదు, వాడుకున్నాయి. సింగిల్ చవక, ఆల్బమ్ సీడీ ఖరీదు. అందుకే బాగా ఆడుతున్న పాటను సింగిల్‌గా వేయడమే మానేశారు. ఒక్క అరటిపండు కావాలంటే గెల మొత్తం కొనమన్నట్టు, ఒక్క పాట కోసం 16, 17 డాలర్ల సీడీ కొనిపించారు. నో డౌట్ బృందం 'డోంట్ స్పీక్' రేడియో చార్టులో 16 వారాలు మొదటి స్థానంలో ఉంది. హాట్ 100లో ఎన్నో స్థానం? అసలు లేనే లేదు. 'టోర్న్' 1998లో రేడియోలో 11 వారాలు నంబర్ వన్. గూ గూ డాల్స్ 'ఐరిస్' ఏకంగా 18 వారాలు. ఈ గొడవ భరించలేక 1998 డిసెంబరు 5 సంచిక నుంచి బిల్‌బోర్డ్ నిబంధన మార్చి, సింగిల్ లేని పాటలనూ లోపలికి రానిచ్చింది. అప్పటికే జోరు తగ్గిన 'టోర్న్' 42వ స్థానం దాటలేదు, 'ఐరిస్' 9 దగ్గర ఆగింది. భూగోళమంతా విన్న 'మై హార్ట్ విల్ గో ఆన్' అమెరికా ప్రధాన చార్టులో పైన ఉన్నది రెండే రెండు వారాలు. రేడియో చార్టులో మాత్రం పది. సింగిల్ కాపీలను కంపెనీ కొద్దిగానే దుకాణాలకు వదిలింది మరి.

అంటే ఆ పోస్టు కింద ఉన్న జాబితాలోంచి రెండు పాటలను చార్టు సరైన సమయంలో గుర్తించనే లేదు. అబద్ధం చెప్పని చార్టట!

ఆ 16, 17 డాలర్ల ధర కూడా బజారు తేల్చిన ధర కాదు. దుకాణాలు సీడీలను మరీ చవగ్గా ప్రకటించకుండా ఐదు పెద్ద కంపెనీలూ ప్రకటనల కోసం వాటికి తామిచ్చే సొమ్ముతో ముడిపెట్టిన పద్ధతి మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ విచారణ జరిపింది. మూడేళ్లలో జనం 48 కోట్ల డాలర్ల దాకా ఎక్కువ చెల్లించి ఉంటారని అంచనా వేసింది. 2000 మే నెలలో కంపెనీలు ఆ పద్ధతి మానుకుంటామని రాజీకి వచ్చాయి. జనం సంతోషంగా కొన్నారన్న మాటకు ఇంకో చిక్కు ఉంది. 1999 జూన్‌లో నాప్‌స్టర్ వచ్చి ఒక్కో పాటను ఉచితంగా దింపుకునే దారి చూపించగానే అదే జనం మందలుగా అటు పోయారు. దొంగతనమే, కాదనను. కానీ ఒక్క పాట ఒక్క ధరకు ఇచ్చి ఉంటే అంతమంది పోయేవారా అన్నది కంపెనీలు చాలా ఆలస్యంగా వేసుకున్న ప్రశ్న.

బ్రిటన్ కథ వేరు. అక్కడి చార్టు పూర్తిగా అమ్మకాలదే కాబట్టి అక్కడైనా నిజాయితీ ఉంటుందనుకుంటాం. అక్కడి ఆట ఇలా సాగేది. విడుదలకు వారాల ముందే పాట రేడియోలో మోగించి ఊరించడం, విడుదలైన మొదటి వారం మాత్రం ధర తగ్గించి అమ్మడం, సీడీ1, సీడీ2, క్యాసెట్ అని వేర్వేరు అదనపు పాటలతో మూడు రకాలుగా వేసి ఒకే అభిమాని చేత రెండు మూడు కొనిపించడం. పాట తిన్నగా నంబర్ వన్ దగ్గరే చార్టులోకి దిగేది, వారం తిరక్కుండానే జారిపోయేది. 2000 సంవత్సరంలో ఒక్క ఏడాదిలోనే 40కి పైగా వేర్వేరు పాటలు అక్కడ నంబర్ వన్ అయ్యాయి. నెలల తరబడి కదలకుండా కూర్చునే నంబర్ వన్ అన్న కలకు అక్కడే తెరపడింది. 1997 డిసెంబరులో పసిపిల్లల టీవీ బొమ్మలు టెలిటబ్బీస్ పాడిన పాట కూడా నంబర్ వన్. ఈ జాబితా చేసిన మహానుభావుడు దాన్ని ఎందుకు వదిలేశాడో!

నిలకడ విషయంలో అమెరికా వరకు పోస్టు చెప్పేదాంట్లో కొంత నిజముందని ఒప్పుకోవాలి. లీయాన్ రైమ్స్ 'హౌ డూ ఐ లివ్' నంబర్ వన్ కాకుండానే 69 వారాలు హాట్ 100లో ఉంది. అప్పట్లో అది రికార్డు. అయితే 'బ్లైండింగ్ లైట్స్' 90 వారాలు ఉంది. పాటలు ఇప్పుడు తొందరగా చచ్చిపోతున్నాయనేవాళ్లు స్ట్రీమింగ్ వచ్చాక చార్టు కదలడం మానేసిందని సంగీత కంపెనీలే మొత్తుకుంటున్న సంగతి చూడాలి.

అప్పటి పాటలు ఎక్కువ బాగున్నట్టు ఎందుకు అనిపిస్తాయి? మన వరకు కారణం సులువు. హైదరాబాద్‌కో విశాఖకో వచ్చేసరికి అవి రెండుసార్లు వడపోతకు గురయ్యేవి. అక్కడ హిట్టయినవే ఇక్కడి చానళ్లు ఎంచుకునేవి, అందులో కొన్నే క్యాసెట్లుగా దొరికేవి. ఆ మూడేళ్లలో చార్టు నిండా ఉన్న చెత్త మన దాకా రానే లేదు. వై2కే సమయంలో అమెరికా వెళ్లి రోజూ కారు రేడియో విన్న మనవాళ్లను అడిగితే, వాళ్ల జ్ఞాపకం ఇంత తియ్యగా ఉండకపోవచ్చు.

మిగిలింది కంపెనీల ఆట. బ్యాక్‌స్ట్రీట్ బాయ్స్, ఎన్‌సింక్ అనే అబ్బాయిల బృందాలను నిలబెట్టిన లూ పెర్ల్‌మన్ బ్యాక్‌స్ట్రీట్ బాయ్స్‌లో ఆరో సభ్యుడిగా కూడా తన వాటా రాసుకున్నాడు. వాళ్లు 1998లో, ఎన్‌సింక్ 1999లో అతనితో కోర్టుల్లో తలపడ్డారు. తర్వాత వేరే వ్యాపారంలో 30 కోట్ల డాలర్లకు పైగా జనాన్ని ముంచిన కేసులో 2008లో అతనికి 25 ఏళ్ల శిక్ష పడింది. 2016లో జైలు జీవితంలోనే పోయాడు. టోనీ బ్రాక్స్టన్ 'అన్‌బ్రేక్ మై హార్ట్' 11 వారాలు నంబర్ వన్‌గా నిలిచిన తర్వాత, 1998లో ఆమె దివాలా పిటిషన్ వేసింది. ఇప్పటి స్ట్రీమింగ్ కంపెనీలు గాయకుల చేతిలో పెట్టే చిల్లర గురించి తిడితే నేనూ గొంతు కలుపుతాను. 1998ని పక్కన ఆదర్శంగా నిలబెట్టి తిడితే మాత్రం కలపను.