పండక్కి ఇస్తాడంటూ ఏడాది గడిపించే పెద్దమనుషులకు

మనోవర్తి ఉత్తర్వు వచ్చిందంటే కేసు అయిపోయినట్టేనని మా శ్రీకాకుళం జిల్లాలో చాలామంది అనుకుంటారు. అసలు కష్టం అప్పుడే మొదలవుతుంది. నెలకు ఇంత ఇవ్వాలని కోర్టు రాసి ఇస్తుంది. ఇవ్వనివాడి వెంట పడి రాబట్టుకోవడం మాత్రం బిడ్డను చంకనేసుకుని వాయిదాలకు తిరిగే తల్లి పని.

మా అక్క కూతురు పలాసలో జీడిపిక్కల పనికి వెళుతుంది. విడిపోయిన భర్త హైదరాబాద్‌లో తాపీమేస్త్రీ. ఉత్తర్వు వచ్చిన కొత్తలో డబ్బు పంపాడు, తర్వాత ఫోను నంబరు మార్చేశాడు. ప్లీడరు గారు వెంటనే పిటిషను వేద్దామన్నారు. అప్పుడు దిగారు మా పెద్దమనుషులు. "పిల్ల తండ్రిని జైలుకు పంపిస్తావా అమ్మా? సంక్రాంతికి వస్తాడు, మొత్తం తీర్చేస్తాడు" అన్నారు. నిజమే, వచ్చాడు. పాపకు ఒక గౌను తెచ్చాడు. బకాయి సంగతి ఉగాదికి చూద్దామన్నాడు. వీళ్లు తలలూపారు.

ఈ గడువుల ఖరీదెంతో వాళ్లకు తెలుసా? మనోవర్తి ఇప్పించే పాత సీఆర్‌పీసీ (నేర విచారణ స్మృతి) 125వ సెక్షను, 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 144 అయింది. నంబరు మారినా ఒక షరతు మారలేదు. ఏ నెల డబ్బయినా ఇవ్వాల్సిన రోజు నుంచి ఏడాదిలోపు దరఖాస్తు పెట్టుకోకపోతే, దాని వసూలుకు ఈ సెక్షను కింద వారెంటు రాదు. ఓపిక పట్టమని మీరు చెప్పిన నెలలన్నీ అతనికి లాభం, పాపకు నష్టం.

ఇక జైలు మాట. ఒక్కో నెల బకాయికి నెల వరకు శిక్ష వేయవచ్చు. డబ్బు కట్టిన మరుక్షణం బయటికి రావచ్చు. తాళం చెవి అతని దగ్గరే ఉన్నప్పుడు, జైలుకు పంపిందన్న నింద మా పిల్ల మీద ఎందుకు? లోపల కూర్చుని వచ్చినంత మాత్రాన బాకీ తీరిపోదని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. పని దొరకడం లేదన్న సాకు కూడా చెల్లదు. ఒంట్లో సత్తువ ఉన్నవాడు కూలి చేసైనా భార్యాబిడ్డలను పోషించాల్సిందేనని 2022లో అదే కోర్టు చెప్పింది.

చట్టం చేయి అందని చోటు ఒకటి ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఉద్యోగస్థుడైతే మూడో వంతు జీతం అతనికి వదిలి మిగతాది మనోవర్తి డిక్రీ కింద జప్తు చేయించవచ్చు. వారంవారం చేతికి కూలి డబ్బు తీసుకునేవాడి దగ్గర ఏం జప్తు చేస్తారు? మన జిల్లా నుంచి వలస వెళ్లేవాళ్లలో జీతం చీటీ ఉన్నవాళ్లెందరు? అతను ఎక్కడుంటే అక్కడ ఉత్తర్వు అమలు చేయవచ్చని చట్టంలో ఉంది. మా వారెంటు మాత్రం హైదరాబాద్ వెళ్లి, ఆ చిరునామాలో మనిషి లేడన్న రాతతో తిరిగి వచ్చింది. అదే మనిషి వాట్సాప్ స్టేటస్‌లో మాత్రం రోజూ కనిపిస్తాడు, వెనకాల కడుతున్న అపార్టుమెంటు పేరుతో సహా!

పాపను చూపించడం లేదని అతని ఫిర్యాదు. చూపించమనే నేను మా అమ్మాయికి చెప్పాను. డబ్బు ఇవ్వలేదని చూపు ఆపకూడదు, చూపించలేదని డబ్బూ ఆపకూడదు. రెండూ పాపకు రావాల్సినవే. అత్తింటివాళ్లు బిడ్డను తీసుకుపోయి ఇవ్వకపోతే తల్లుల గతి ఇంకా అన్యాయం. పిల్లల సంరక్షణ తగాదాలు చూసే 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టంలో, బిడ్డను అప్పగించమన్న ఆదేశాన్ని లెక్కచేయనివాడికి మొదటి జరిమానా 100 రూపాయలకు మించదు. రోజుకు 10 చొప్పున పెంచుకుంటూ పోయినా మొత్తం 500 దాటదు. సివిల్ జైలు అన్న మాట కూడా అందులో ఉంది కాబట్టి ఆ సెక్షనుకు ఆ మాత్రమైనా విలువ.

ప్లీడరు ఫీజుకు భయపడి ఆగిపోయినవాళ్లు ఉంటే, ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. 15100కు ఫోను చేయండి, లేదా జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి.

పెద్దమనుషులకు ఒక మాట. ఈసారి మా గుమ్మం ముందుకు వచ్చి దసరా దాకా ఆగమంటే, తెల్లకాగితం నేనే తెచ్చి ఇస్తాను. దసరాకు అతను ఇవ్వకపోతే ఆ బకాయి మీరు కడతామని రాసి సంతకాలు పెట్టండి.