సెర్చ్ ఎలా చెయ్యాలో నన్ను చెప్పనివ్వండి

పోయిన నెల హైదరాబాద్ బస్తీల మీద ఒక పుస్తకానికి ప్రూఫ్ చూశా. రచయిత ఒకచోట అమీర్‌పేట్ అని, ఇంకోచోట అమీర్‌పేట అని రాశారు, సరే అన్నీ ఒకేలా ఉండాలని ఆ 'పేట్'ని ఫైల్‌లోంచే కాపీ కొట్టి సెర్చ్‌లో పేస్ట్ చేసి రీప్లేస్ ఆల్ నొక్కేశా, అయిపోయిందనుకున్నా. ప్రింటై చేతికొచ్చాక తెరిస్తే మూడో పేజీలోనే పాత అమీర్‌పేట్ కనపడింది. ప్రాణం ఉసూరుమంది.

తవ్వితే తేలిందేంటంటే, నేను కాపీ చేసిన పదం చివర జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటుకుని వచ్చింది. పొల్లు తర్వాతి అక్షరం కింద ఒత్తుగా మారకుండా ఆపే క్యారెక్టర్ అది, కంటికి కనపడదు. అది లేని చోట్లన్నీ ఎడిటర్‌కి (టైప్ చేసి దిద్దుకునే సాఫ్ట్‌వేర్‌కి) వేరే పదమే, వదిలేసింది.

అసలు సెర్చ్ బాక్స్‌లో మనకి ఇచ్చేదేంటి? మ్యాచ్ కేస్, అంటే క్యాపిటల్, స్మాల్ తేడా చూడటం. తెలుగులో క్యాపిటల్, స్మాల్ ఎక్కడున్నాయండీ? తర్వాత హోల్ వర్డ్, అంటే విడిగా పూర్తి పదంగా ఉంటేనే పట్టుకోవడం. మన 'లో', 'కి', 'నుంచి' పదానికి అతుక్కునే ఉంటాయి కాబట్టి అది ఆన్ చేస్తే అమీర్‌పేటలో, అమీర్‌పేటకి ఏవీ దొరకవు, ఆఫ్ చేస్తే 'మన' కోసం వెతికినప్పుడు 'మనిషి' కూడా వచ్చి పడుతుంది, ఎందుకంటే యూనికోడ్‌లో (కంప్యూటర్లో అన్ని భాషల అక్షరాలకీ నంబర్లిచ్చే పద్ధతి) 'న' వేరు, దాని మీద గుడి వేరు. జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో (ఏం వెతకాలో గుర్తులతో రాసే పద్ధతి) పదం హద్దు చెప్పే గుర్తుకైతే ఇంగ్లీష్ అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ తప్ప ఇంకేదీ పదం కిందే లెక్క కాదు. యూనికోడ్ మొదటి వర్షన్‌లోనే, 1991లోనే తెలుగు ఉంది, ఇన్నేళ్ళయినా ఇదీ పరిస్థితి.

చెయ్యలేని పనేం కాదు. ప్రోగ్రామర్లు వాడే విమ్, ఈమాక్స్, వీఎస్ కోడ్ అనే ఎడిటర్లే చూడండి. విమ్‌లో స్మార్ట్‌కేస్ పెట్టుకుంటే (ఇగ్నోర్‌కేస్ కూడా ఆన్‌లో ఉండాలి) నువ్వు క్యాపిటల్ టైప్ చేస్తేనే కేస్ చూస్తుంది, లేకపోతే పట్టించుకోదు. ఈమాక్స్‌లో 2020లో వచ్చిన 27వ వర్షన్ నుంచి సెర్చ్‌లో ఏ అక్షరాన్ని దేనితో సమానంగా చూడాలో మనమే రాసుకోవచ్చు. వీఎస్ కోడ్‌లో చివరిదాకా వెతికాక మళ్ళీ మొదటికి వెళ్ళాలా వద్దా అనేదానికి కూడా సెట్టింగ్ ఉంది. మరి కనపడని క్యారెక్టర్లు వదిలెయ్యి, అక్షరం సగంలో ఆగకు అని చెప్పడానికి రెండు టిక్ బాక్సులు ఎందుకు బరువయ్యాయి?

సెట్టింగులు ఎక్కువైతే యూజర్ కన్ఫ్యూజ్ అవుతాడంటారు. డిఫాల్ట్ మీకు నచ్చినట్టే పెట్టుకోండి, లోపల ఎక్కడో ఒక మూలన నాకు తలుపు తీసి ఉంచండి చాలు. రోజుకి ఎనిమిది గంటలు ఆ సెర్చ్ బాక్స్‌తో బతికేది నేను. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ రాసుకోవచ్చు కదా అని నాకు చెప్పకండి, నేను రాసుకుంటున్నా, కానీ చిక్కడపల్లిలో డీటీపీ చేసే అక్కకి అది ఎవరు నేర్పిస్తారు?

మాదాపూర్, గచ్చిబౌలిలో ఎడిటర్ల మీద, ప్లగిన్ల మీద పనిచేసేవాళ్ళు మన ఫ్రెండ్స్‌లోనే బోలెడుమంది ఉంటారు. మీలో ఎవరైనా ఆ రెండు టిక్ బాక్సులు మొదలుపెడితే టెస్టింగ్‌కి నా దగ్గర ఈ పుస్తకం ఫైల్ ఉంది, అమీర్‌పేట ఎన్ని రకాలుగా రాయొచ్చో అన్ని రకాలూ అందులో ఉన్నాయి. ఇన్‌బాక్స్ చెయ్యండి, పంపిస్తా.