కేరళకు వస్తే మనకు వచ్చినట్టేనా?

మళ్లీ అదే మెసేజ్. పొద్దున టెన్త్ బ్యాచ్ గ్రూపులో, మధ్యాహ్నం ఊరి గ్రూపులో, రాత్రికి మా బావ నుంచి. "రైతు సోదరులారా! రుతుపవనాలు కేరళను తాకాయి, వారంలో మనకు వాన ఖాయం. మృగశిర దాటకముందే పత్తి గింజ పెట్టండి. ఈసారి ఎండలు మండాయి కాబట్టి వానలు దంచికొడతాయి. ఎల్ నినో ఏడాదైతే మాత్రం చుక్క పడదు. సెల్ టవర్లు మేఘాలను ఆపుతున్నాయి. దసరా తర్వాత మన వానను తమిళనాడు గుంజుకుంటోంది."

టవర్లు మేఘాలను ఆపగలిగితే హన్మకొండలో చినుకే పడొద్దు. మరి నయీంనగర్ నాలా ఎందుకు పొంగుతున్నట్టు? వదిలేయండి.

తమిళనాడు ఏమీ గుంజుకోలేదు. అక్టోబరు తర్వాత గాలి ఈశాన్యం నుంచి మళ్లుతుంది. నేల మీదుగా మన దాకా వచ్చేది పొడిగాలి. బంగాళాఖాతం దాటిపోయే గాలి తేమ పట్టుకుని వాళ్ల తీరాన కురుస్తుంది. దీనికి కేసు పెట్టాల్సిన పని లేదు.

ఎండల మాటలో సగం నిజముంది, నేల వేడెక్కడం గాలిని లాగుతుంది. కానీ ఆ గాలి బయల్దేరేది భూమధ్యరేఖకు అవతల, మడగాస్కర్ దిక్కు నుంచి. రామగుండం ఎండను అడిగి రాదు. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో వడదెబ్బకు ఎంతమంది పోయారో మరిచిపోయారా? ఆ వానాకాలం దేశంలో 14 శాతం లోటు.

ఇక అసలు సంగతి, గింజ. రుతుపవనం కేరళను తాకిందంటే అక్కడ గాలి, వాన కుదిరాయని మాత్రమే. అరేబియా సముద్రం గాలి తేమలో చాలాభాగం పడమటి కనుమల మీదే కుమ్మరించి వస్తుంది. ములుగు, భూపాలపల్లి, ఆదిలాబాద్‌లకు గట్టి వాన పడాలంటే బంగాళాఖాతంలో అల్పపీడనం పుట్టి ఇటు కదలాలి. అది లేకపోతే మబ్బులు పరిగెత్తుతాయి, దుమ్ము లేస్తుంది, అంతే. 2009లో మే 23కే కేరళకు వచ్చింది, సీజన్ 22 శాతం లోటుతో ముగిసింది. 2025లో మే 26కే తెలంగాణలోకి వచ్చి, తర్వాత రెండు వారాలకు పైగా కదల్లేదు.

ఒక్క జల్లుకు గింజ ఉబ్బి తెల్లగా మొలక తీస్తుంది. ఆ తర్వాత పది రోజులు పడమటి గాలి కొడితే పైకి రాకముందే మాడిపోతుంది. వేలితో మట్టి తీసి చూస్తే పొట్టే మిగులుతుంది. ప్యాకెట్ 900 దాటింది, ఎకరాకు రెండు. సాళ్లకు అచ్చు తోలిన ఖర్చు, గింజ పెట్టిన ఆడవాళ్ల కూలి, పోగుంటలు (మొలవని చోట మళ్లీ గింజ పెట్టడం) అన్నీ మళ్లీ మొదలు. ఫార్వర్డ్ కొట్టినవాళ్లు ఇస్తారా? ఎర్ర చెలకలో 50-60, నల్లరేగడిలో 60-75 మిల్లీమీటర్ల వాన పడ్డాకే విత్తమని వ్యవసాయ శాస్త్రవేత్తలు ఏటా చెబుతూనే ఉన్నారు. జూలై రెండో వారం వరకూ టైం ఉంటుంది, కొంపలేమీ మునగవు.

మృగశిరను మాత్రం నేను తీసిపారేయను. కార్తె జూన్ 7, 8 తేదీల్లో మొదలవుతుంది. హైదరాబాద్‌కు రుతుపవనాలు వచ్చే సగటు తేదీ అని వాతావరణ శాఖ చెప్పేది జూన్ 8. ఏ శాటిలైటూ లేకుండా పెద్దలు పట్టిన లెక్క అది. కాకపోతే అది సగటు, ఈ ఏడాది గ్యారంటీ కాదు.

చివరికి ఎల్ నినో, అంటే పసిఫిక్ మహాసముద్రం నీళ్లు మామూలుకన్నా వేడెక్కడం. అది లోటు వచ్చే అవకాశాన్ని పెంచుతుంది, నిజమే. 2023 కూడా ఎల్ నినో ఏడాదే. ఆ ఆగస్టు 1901 నుంచి దేశంలో అన్నిటికన్నా పొడి ఆగస్టు. దానికి ముందు జూలై చివర్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో దాదాపు 65 సెంటీమీటర్లు కురిసింది, భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిలో జనం ఇళ్ల కప్పులెక్కారు. చుక్క పడదన్న మెసేజ్ వాళ్లకూ పంపు బావా.