బర్వాంగర్ ఆట ఎందుకు మానేశాడు?

మొన్న పిక్నిక్‌లో ఒక పిల్లాడు హైస్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ టీంలో చేరానన్నాడు. వాళ్ల నాన్నకంటే ముందు మా పెద్దాయన ఒకరికి టెన్షన్ మొదలైంది. "మన షికాగో జే బర్వాంగర్ అంతటివాడే ఆట మానేసి ఉద్యోగం చూసుకున్నాడు, తెలుసా బాబూ?" అన్నారు. తెలుసు. కానీ ఆయన సగమే చెప్పారు.

బర్వాంగర్ ఐయోవాలోని డుబ్యూక్ కుర్రాడు. 1930లలో షికాగో యూనివర్సిటీ ఫుట్‌బాల్ టీంలో హాఫ్‌బ్యాక్. ఆ రోజుల్లో హాఫ్‌బ్యాక్ అంటే బంతి పట్టుకుని పరిగెత్తడమే కాదు. పాస్ వేయాలి, కిక్ కొట్టాలి, ఎదుటివాళ్లు దాడికొస్తే ఆపాలి. ఆ టీం అంతంత మాత్రమే, భారమంతా ఇతని మీదే. 1934లో మిషిగన్ యూనివర్సిటీ టీం మీద ఆడినప్పుడు ఇతన్ని ఆపబోయిన కుర్రాడికి ఎడమ కంటి కింద గాటు పడి, మచ్చ మిగిలిపోయింది. ఆ కుర్రాడు జెరాల్డ్ ఫోర్డ్, తర్వాత అమెరికా అధ్యక్షుడయ్యాడు!

కాలేజీ ఫుట్‌బాల్‌లో ఏటా మేటి ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ 1935లో మొట్టమొదట అందుకున్నది బర్వాంగరే. అప్పటికి దానికింకా ఆ పేరు పెట్టలేదు. 1936లో ఎన్‌ఎఫ్ఎల్ (ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్) మొదటి డ్రాఫ్ట్‌లో, అంటే టీంలు కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునేచోట, మొదటి పేరూ ఇతనిదే. ఫిలడెల్ఫియా ఈగల్స్ టీం ఎంచుకుని, ఇతన్ని ఆడించుకునే హక్కుల్ని షికాగో బేర్స్ టీంకి ఇచ్చేసింది. ఒలింపిక్స్ డెకాథ్లాన్ (పది అథ్లెటిక్స్ అంశాల పోటీ) కోసం కొన్నాళ్లు ఆగాడు, అందులో చోటు దక్కలేదు. తర్వాత బేర్స్ యజమాని జార్జ్ హాలస్‌తో జీతం దగ్గర బేరం తెగలేదు. అంతే, రబ్బర్ కంపెనీలో చేరిపోయాడు.

అంటే ఉద్యోగం గొప్పదని ఆట వదల్లేదు. డబ్బు సరిపోలేదని వదిలాడు. ఉద్యోగం చేస్తూనే పాత కాలేజీలో పార్ట్‌టైం కోచింగ్ ఇచ్చాడు, తర్వాత మైదానంలో రెఫరీగానూ తిరిగాడు. సొంత వ్యాపారం పెట్టి బాగానే సంపాదించాడు కూడా. ఆట మీద మోజు తీరిందని ఎవరనగలరు?

తలకు దెబ్బలు తగులుతాయన్న భయం నాకూ ఉంది, దాన్ని కొట్టిపారేయను. ఆ కారణంతో వద్దంటే అర్థం చేసుకుంటాను. డాక్టర్‌ని అడుగుదాం, కోచ్‌ని అడుగుదాం. కానీ పిల్లాడు ఇంకా హెల్మెట్ కూడా పెట్టుకోకముందే బర్వాంగర్‌ని సాక్షిగా పిలవడం మాత్రం అన్యాయం. ఆయన కాలేజీలో ఆడాల్సిందంతా ఆడాకే లెక్కలు వేసుకున్నాడు.

ఆ హైస్‌మన్ ట్రోఫీని వాళ్ల ఆంటీ కొన్నేళ్లు తలుపు కొట్టుకోకుండా అడ్డంగా పెట్టుకుందట. ఈ ముక్క మన పెద్దాయనకు బాగా నచ్చుతుంది. హాలస్ ఇస్తానన్నది తీసుకుని ఉండాల్సిందని బర్వాంగర్ తర్వాత బాధపడ్డాడన్న ముక్క కూడా వచ్చే పిక్నిక్‌లో ఆయనకు చెప్పాలి.