పాలమూరు సంగీతోత్సవం: పాటలు లేకుంటే ఇంకా బాగుండేది

పాలమూరులో మొన్నటి శని, ఆదివారాల సంగీతోత్సవం దిగ్విజయంగా ముగిసింది. రెండు సాయంత్రాలూ కుర్చీ వదలకుండా కూర్చున్న శ్రోతగా దాని మంచిచెడ్డలు నిష్పక్షపాతంగా తేల్చాల్సిన బాధ్యత నాపై పడింది. వేదిక ఘనం. లైటింగ్ ఘనం. అతిథులు మరీ ఘనం. మధ్యమధ్య పాటలు అడ్డం వచ్చిన మాట నిజమే గానీ, నిర్వాహకులు చాలావరకు వాటిని మొదట్లోనే అదుపు చేశారు.

శనివారం అందరికంటే ఎక్కువసేపు వినిపించిన కళాకారుడు సౌండ్ బాక్సుల కుర్రాడు. "హలో, హలో, మైక్ టెస్టింగ్, వన్ టూ త్రీ" అంటూ ఎండ దిగకముందే అందుకున్నాడు, దీపాలు పెట్టే వేళ దాటినా వదల్లేదు. అంతసేపట్లో ఒక్కసారి కూడా ఫోర్ జోలికి పోలేదు. ఆ నిగ్రహం తర్వాత మైకు పట్టుకున్న వక్తల్లో ఒక్కరికైనా ఉంటే ఎంత బాగుండేది!

ఆరింటికి అన్న కార్యక్రమం ముఖ్య అతిథి వచ్చాకే మొదలైంది. మన దగ్గర ఆరంటే ఎంతో ఆహ్వానం అచ్చేసిన వాళ్లకూ తెలుసు, అందుకున్న వాళ్లకూ తెలుసు. గాలికి ఆరిపోతున్న వత్తిని పెద్దలందరూ చుట్టుముట్టి, వత్తి వైపు కాకుండా కెమెరా వైపు చూస్తూ వెలిగించారు. తర్వాత శాలువాలు. వేదిక మీది వాళ్లు వేదిక మీది వాళ్లకే కప్పారు. కప్పించుకున్న వాళ్లు మళ్లీ లేచి, కప్పిన వాళ్లకు కప్పారు. ఎవరు ఎవరిని సన్మానిస్తున్నారో యాంకరమ్మకే అంతు చిక్కక "అందరికీ ఒకసారి గట్టిగా చప్పట్లు" అని బయటపడింది. ఇంతమంది ఎక్కాక వేదిక మీద చోటేదీ? అందుకని కళాకారులను జనరేటర్ పక్కన నిలబెట్టారు.

ప్రసంగాలన్నింటా ఒకటే మాట, ఇది పద్మశ్రీల గడ్డ అని. అబద్ధమేమీ కాదు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యకు 2022లో, బుర్రవీణ వాయించే దాసరి కొండప్పకు 2024లో పద్మశ్రీ వచ్చింది. ఇద్దరూ ఉమ్మడి పాలమూరు జిల్లా వాళ్లే. ఆ గర్వం గురించి ఒక్కో వక్త ఇరవై నిమిషాలకు తగ్గకుండా మాట్లాడారు. ఒకాయన ఆవేశంలో కిన్నెరను డప్పు లాంటి వాయిద్యమన్నారు. ముందు వరుస మొత్తం చప్పట్లు కొట్టింది.

ఆ తర్వాత నిజంగానే ఒక కిన్నెర తాతను వేదిక ఎక్కించి, ఐదు నిమిషాలు ఇచ్చారు. వెదురు బొంగు, దానికి కట్టిన ఎండు సొరకాయ బుర్రలు, తీగలు. శ్రుతి చేసుకోవడానికే సగం టైం పోయింది. సౌండ్ కుర్రాడు వచ్చి "తాతా, దీంట్ల బేస్ అస్తలేదు" అని తేల్చి, తన బాక్సుల్లో ఉన్న బేసంతా దానికి దానం చేశాడు. కిన్నెర ఏమందో తెలీదు గానీ, కుర్చీలు మాత్రం వణికాయి. తాత పండుగ సాయన్న కథ ఎత్తుకున్నాడు. దొరల ఇళ్లు కొట్టి పేదలకు పంచిన సాయన్న కథ ఈ జిల్లాలో ఎన్నో కిన్నెరల మీద పలికింది. సాయన్న దొర గడీ చేరి, గాదె తలుపు మీద చెయ్యి వేశాడో లేదో, యాంకరమ్మ "చాలా బాగుంది తాతా, టైం అయిపోయింది" అంది. సాయన్న అక్కడే ఆగిపోయాడు. గింజలు గాదెలోనే ఉండిపోయాయి. దొరలకు ఈమధ్య కాలంలో ఇంత మేలు ఎవరూ చేసి ఉండరు.

పాటల కార్యక్రమం అసలు మొదలయ్యేసరికి పది కావచ్చింది. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్ వాడొద్దని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. పండగలకు, సాంస్కృతిక కార్యక్రమాలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. కానీ అర్జీ పెట్టుకునే తీరిక మనవాళ్లకెక్కడిది, శాలువాల బేరంలో ఉన్నారాయె. కాబట్టి నాలుగు గంటల ఉపన్యాసం చట్టప్రకారం శబ్దం కాకుండా పోయింది. రెండో చరణంలో ఉన్న పాట కాలుష్యమైంది. పోలీసులు వచ్చి తీగ పీకించారు. న్యాయం ఇంత సూక్ష్మంగా అమలైన సందర్భం నేనింతకు ముందు చూడలేదు.

ఆదివారం హైదరాబాద్ గాయకుడి వంతు. ఆయన రెండు లైన్లు పాడి, మిగతావి "మీరే పాడాలి పాలమూరూ!" అని మైకు జనం వైపు తిప్పారు. దేశంలో ఎక్కడ డ్యాం కట్టినా మట్టి మోసింది పాలమూరు లేబరేనని పేరు. చివరికి పాట కూడా మాచేతే మోయించారు. కాకపోతే అక్కడ కూలి ఇచ్చేవారు, ఇక్కడ పాసుకు మేమే ఎదురు డబ్బు కట్టాం. పైగా సన్మానాలు కాగానే అతిథులు వెళ్లిపోయారు. వాళ్ల సోఫాలు మాత్రం తాడు కట్టినట్టే ఉన్నాయి. వలంటీర్లు ఎవరినీ రానివ్వలేదు. గాయకుడు ఖాళీ సోఫాల కళ్లలోకి చూస్తూ ప్రేమగీతాలు పాడారు.

ఇక నిరాశపరిచిన విషయం. ఆ రాత్రి మైకులు బంద్ అయ్యాక, గేటు బయట మిర్చి బజ్జీల బండి దగ్గర జనం గుమిగూడారు. శనివారం నాటి కిన్నెర తాత అక్కడ అరుగు మీద కూర్చుని సాయన్నను గాదె ముందు నుంచి కదిలించాడు. స్పాన్సర్ లేడు, యాంకర్ లేదు, జ్యోతి వెలిగించిన వాళ్లు లేరు. తీగ పీకించిన కానిస్టేబులే బజ్జీ పొట్లం పట్టుకుని ఊ కొడుతున్నాడు. నా పక్కనున్న ముసలాయన "మైకు లేకుంటెనే సక్కగ ఇనవడ్తున్నది" అని బహిరంగంగా అన్నాడు. కథ చివరిదాకా సాగింది. గింజలు పంచేశారు. ఇంత క్రమశిక్షణారాహిత్యం ఉత్సవానికి కూతవేటు దూరంలోనే జరగడం నిర్వాహకుల నిఘా వైఫల్యమే.

వచ్చే ఏడాదికి కొన్ని సూచనలు రాసి ఇచ్చాను. పాటలను పూర్తిగా తీసేస్తే రెండు రోజుల కార్యక్రమం ఒక్క పూటలో ముగుస్తుంది, లేదా ఇంకో ముప్పై మందిని సన్మానించవచ్చు. మైక్ టెస్టింగ్ కుర్రాడికి ప్రత్యేక కచేరీ పెట్టాలి. బజ్జీల బండిని మైదానానికి కిలోమీటరు అవతల నిలపాలి. నిర్వాహకుడు ఓపిగ్గా చదివి, అన్నీ పరిశీలిస్తామన్నాడు. పనిలో పనిగా, కిన్నెర తాతకు ఇవ్వాల్సిన డబ్బు ఇచ్చారా అని అడిగాను.

"ఇద్దామనే ఉన్నం సార్. బిల్లు పెట్టమన్నం. జీఎస్టీ నంబర్ అడిగితే ఆయన ఆధార్ కార్డ్ తెచ్చిండు."