జనం లేని ఊరికి పోయొచ్చానంట!

నెల్లూరు వేదాయపాళెంలో సీమంతం నుంచి ఇప్పుడే ఇంటికొచ్చా. పట్టుచీర కూడా మార్చుకోలేదు. ముందు ఇది రాసేస్తే గానీ నాకు అన్నం దిగదు.

గాజులు తొడుగుతున్న కాడ కూర్చుని మా చిన్నమ్మకి నా ఫోన్లో ఉజ్బెకిస్తాన్ రాజధాని తాష్కెంట్ మెట్రో ఫొటోలు చూపిస్తా ఉన్నా. వెనకనుంచి మా బావ తల దూర్చాడు. "ఏం మరదలా, ఒక్క మనిషి కూడా కనపడడేంది? కర్ఫ్యూ పెట్టినప్పుడు పోయినావా?" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. ఆడితో ఆగుంటే ఈ పోస్టే ఉండేది కాదు. "సీజన్ కాకపోతే చవగ్గా వస్తాదని పోయుంటాది లే" అని ఇంకోటి తగిలించాడు. నవ్వినోళ్లలో మా అమ్మ కూడా ఉండాది.

అవును బావా, చవగ్గానే వచ్చింది. అయితే ఏంది? ఆషాఢంలో చీర కొంటే తెలివిగల ఆడది, ఫిబ్రవరిలో తాష్కెంట్ పోతే పిసినారి!

ఈయన బ్యాంకాక్ పోయొచ్చాడు, గ్రూపు టూర్లో. ఆ ఫొటోలకి ఫ్యామిలీ గ్రూపులో మేమే గదా లైకులు కొట్టింది. బస్సు ముందు బావ. బస్సు లోపల బావ. ఇండియన్ బఫే ముందు బావ, కింద "సాంబారు సూపర్" అని రాత. అంత దూరం పోయి సాంబారు! వాట్ అరుణ్ గుడి చూశావా అని అడిగితే "ఆ, పడవలోంచి చూశాం, లైట్లేసుండారు" అన్నాడు. పడవలో డీజే పెట్టారంట, గైడు చెప్పిందేదీ వినపడలేదంట. ఆ మాట కూడా గొప్పగానే చెప్పాడు.

నేను చూసింది వినండి. తాష్కెంట్ అంటే చిన్న ఊరేం కాదు, దాదాపు 30 లక్షల జనాభా. ఉజ్బెకిస్తాన్‌కి టూరిస్టులు వచ్చేది ఏప్రిల్, మే నెలల్లో, మళ్లీ సెప్టెంబర్, అక్టోబర్‌లలో. వచ్చినోళ్లు కూడా తాష్కెంట్‌లో దిగి, స్పీడు రైలెక్కి రెండు గంటల్లో సమర్‌కంద్ పోతారు. నీలం గుమ్మటాల ముందు ఫొటో దిగాలి గదా మరి! చలికాలం వాళ్లు కూడా ఉండరు. మంచు పడతా ఉంటాది, ఊరివాళ్లు తమ పనుల్లో తాముంటారు.

ఆ మెట్రో 1977లో మొదలైంది, మధ్య ఆసియాలో మొట్టమొదటిది. 2018 దాకా అందులో ఫొటో తీయనిచ్చేవాళ్లు కాదు, యుద్ధమొస్తే జనం తలదాచుకునే చోటు కూడా అదేనని. కాస్మొనావ్ట్‌లార్ స్టేషన్ గోడల మీద అంతరిక్షంలోకి పోయొచ్చిన గగారిన్ ఉండాడు, వాలెంటీనా తెరిష్కోవా ఉండాది. వాళ్లతో పాటు ఐదారు వందల ఏళ్ల కిందట నక్షత్రాల లెక్కలు కట్టిన ఉలుగ్ బేగ్ కూడా. టికెట్టు మన పాతిక రూపాయల్లోపే. రైలు వెళ్లిపోయాక ప్లాట్‌ఫారం మీద నేనొక్కదాన్నే మిగిలి, ఒక్కో బొమ్మ కాడా మెడ నొప్పెట్టిందాకా నిలబడ్డా. ఆ ఫొటోనే బావ కర్ఫ్యూ అంటాడు.

మన ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రిగారి విగ్రహం కాడికీ పోయినా. 1966 జనవరి 10న పాకిస్తాన్‌తో ఒప్పందం మీద సంతకం పెట్టి, తెల్లారకముందే ఆయన ప్రాణం పోయింది ఆ ఊళ్లోనే. ఆయన పేరుతో వీధి కూడా ఉంది. అదే ఏడాది ఏప్రిల్ 26 పొద్దున్నే భూకంపమొచ్చి ఊరు సగం కూలిపోయింది, దాదాపు మూడు లక్షల మందికి ఇల్లు లేకుండా పోయింది. భూకంపం గుర్తుగా ఒక చీలిన రాయి పెట్టుండారు. దాని మీద గడియారం బొమ్మ, ముల్లు ఐదూ ఇరవై దాటి ఆగిపోయుంటాది. నిలబడి చూస్తా ఉంటే ఒక పెద్దాయన ఆగి "హిందుస్తాన్?" అని అడిగాడు, రాజ్ కపూర్ పేరు చెప్పి పాటొకటి పాడాడు కూడా. సీజన్లో అయితే ఆయన నన్ను తోసుకుంటా పోయేవాడు. ఆయన్నేం తప్పుపట్టను, సెలవుల్లో తిరుమల క్యూలో నేను మాత్రం ఎవరితోనన్నా పాటలు పాడతానా?

ఇంకోటి, ఆ ఊరి రొట్టె. గుండ్రంగా చక్రంలా ఉంటాది, నాన్ అంటారు. బోర్లా పెడితే తప్పు, నేల మీద పెడితే మహా తప్పు. రొట్టెకి అంత మర్యాద చేసే ఊరంటే నెల్లూరోళ్లకి వేరే చెప్పాలా! రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువులో దిగి చదువు రొట్టె, పెళ్లి రొట్టె, ఫారిన్ రొట్టె అని మార్చుకునేది మనమే గదా. మా బావ ఫారిన్ రొట్టె కోసం మొహర్రం జనంలో చెప్పులు పోగొట్టుకున్నాడు. ఫారిన్ పోయి తిన్నది మటుకు ఇడ్లీ.

చోర్సు బజార్‌లో పెద్ద నీలం గుమ్మటం కింద మాంసం అమ్ముతారు, పై అంతస్తులో ఎండు ద్రాక్ష, బాదం, పిస్తా. బయట కొట్లలో చెకిచ్ అని రొట్టె మీద పువ్వులా గుచ్చే అచ్చులుంటాయి, చెక్క పిడితో. కొట్టు ఖాళీగా ఉండబట్టి ఆ అమ్మి పిండి ముద్ద తెచ్చి మరీ గుచ్చి చూపించింది. తెచ్చుకున్నా ఒకటి. అది చేతిలో పట్టుకోగానే నాకు ఉదయగిరి గుర్తొచ్చి ఒళ్లు మండింది.

ఎందుకంటారా? ఉదయగిరి చెక్క గరిటెలు, స్పూన్లు మనవే గదా. మీ ఇంట్లో ఎన్నున్నాయి? నెల్లూరు నుంచి వంద కిలోమీటర్లు. కృష్ణదేవరాయలు ఏడాది పైన ముట్టడి వేసి 1514లో ఒడిశా గజపతి రాజుల నుంచి గుంజుకున్న కోట అది. ఆ కోటలోని బాలకృష్ణుడి విగ్రహాన్ని తీసకపోయి హంపీలో ఏకంగా గుడే కట్టించాడు. హంపీ పోయినోళ్లంతా ఆ గుడి ముందు సెల్ఫీ దిగుతారు, ఆ కిష్టయ్యది మా జిల్లా అని ఒక్కడికీ తెలియదు. సీమంతంలో నవ్విన వాళ్లలో ఉదయగిరి కొండెక్కిన వాళ్లు చేతులెత్తండి అంటే ఒక్క చెయ్యి లేస్తే ఒట్టు. దారి చెప్పే బోర్డు సరిగ్గా ఉండదు, ఆడపిల్లలకి బాత్రూం ఉండదు. రాయల కాలం గోడల మీద లవ్ సింబళ్లు మటుకు కొత్త పెయింటుతో నిగనిగలాడతా ఉంటాయి. ఫ్లెమింగో పక్షులకైనా ఒక పండగ ఉండేది, 2022లో అది జరిగే సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలో కలిసేసరికి అదీ మనది కాకుండా పోయింది. ఇక మిగిలింది మైపాడు బీచ్. అక్కడికి మనవాళ్లు పోయేది కార్తీక పున్నమి రోజు, ఇసక కనపడనంత జనంలో.

ఇప్పుడు ఎవరో ఒకరు కామెంట్లలో దిగుతారు. "జనం లేకుంటేనే బాగుంటాదని నువ్వే అన్నావు గదక్కా, ఉదయగిరికి జనం రాకుంటే నీకెందుకు ఏడుపు?" అని. తాష్కెంట్‌లో నేనొక్కదాన్నే ఉన్నా స్టేషన్‌లో దీపాలన్నీ వెలుగుతా ఉన్నాయి నాయనా, నేల అద్దంలా తుడిచుండాది. ఈడ కొండ మీద తాగను గుక్కెడు నీళ్లుండవు. అర్థమైతే సరే, కాకపోతే మా బావ గ్రూపు టూర్లో సీట్లు ఇంకా ఉండాయంట, అడగండి.

మా అమ్మకి వేరే మెసేజ్ పెడతా, అది ఇక్కడ రాసేది కాదు.

వచ్చే ఆదివారం నేను ఉదయగిరి ఎక్కుతున్నా. నెల్లూరు నుంచి తెల్లారుజామునే బయల్దేరతా. వచ్చేవాళ్లు నీళ్లు, టోపీ మీరే తెచ్చుకోండి. బావా, నువ్వూ రావచ్చు, సాంబారు మాత్రం దొరకదు.